ఓడలోకి తేకూడనివి

జనవరి 6, 2025. సోమవారం

కంపెనీవాళ్ళు ఏటా ఇచ్చే డైరీ వచ్చింది. నల్ల అట్ట మీద బంగారు అక్షరాలు: శ్రీమతి సాయిప్రసన్న, ప్రొప్రయిటర్. చూసి నవ్వొచ్చింది. ప్రొప్రయిటర్ గారు మేడ మీద వంకాయలు తరుగుతోంది.

పురుగుమందుల షాపు లైసెన్సుకి బీఎస్సీ సర్టిఫికెట్ కావాలి. ఇంట్లో ఆ చదువున్నది మా తోడికోడలొక్కతే. అందుకని తిరువూరు మెయిన్ రోడ్డు మీదున్న ఈ షాపు ఆవిడ పేరు మీద నడుస్తోంది. ఆవిడ సర్టిఫికెట్ గోడకి వేలాడుతుంటుంది, కౌంటర్లో నేను కూర్చుంటాను. రైతు తెచ్చిన ఆకు చూసి ఏ డబ్బా ఇవ్వాలో ఈయన చెబుతారు. అంతే వ్యవహారం.

ఈ డైరీ నేనే రాసుకుంటాను. కౌంటర్ సొరుగులో ఉంటుంది. తాళం దేనికి? ఈయన నా గొలుసుకట్టు రాత చదవలేరు. ఆవిడ మెట్లు దిగదు. భోజనమయ్యాక నేను పైకెళ్ళి గంటసేపు కునుకు తీసినా షట్టర్ సగం వేసే ఉంటుంది.

జనవరి 20

స్టాకు కాగితాల మీద ఆవిడ సంతకాలు పదకొండు పెట్టాను. ఆరేళ్ళ నుంచీ నేనే పెడుతున్నాను. ఎస్ కింద చిన్న మెలిక, చివర చుక్క. ఆవిడే పెట్టినా ఇంత బాగా రాదు. కాగితాలు పైకి పంపి, ఆవిడ చేతులు తుడుచుకుని, పెన్ను వెతుక్కుని... అంత ఓపిక ఎవరికుంది?

ఫిబ్రవరి 10, ఉదయం 11

కంపెనీ ఫీల్డ్ ఆఫీసర్ హర్షవర్ధన్ స్వీటు డబ్బాతో దిగాడు. మిరప మందుల్లో మా షాపు టార్గెట్ దాటిందట. బహుమతిగా ఓడ ప్రయాణం! మార్చి 14న చెన్నైలో ఎక్కడం, మూడు రాత్రులు సముద్రం మీద. ఓడంటే మామూలు ఓడ కాదు మేడం, పది అంతస్తుల హోటల్ నీళ్ళమీద పోతున్నట్టే అన్నాడు. పోయినేడు రెడ్డిగూడెం డీలరు భార్య బ్యాంకాక్ వెళ్ళొచ్చి ఏడాదంతా నా చెవులు తినేసింది. ఇప్పుడు చూడాలి దాని మొహం.

పాస్ ఇద్దరికి. లైసెన్సు ఎవరి పేరున ఉంటే వాళ్ళు, వెంట ఇంకొకరు. లైసెన్సున్నవాళ్ళు రాలేమని లెటర్ ఇస్తే వాళ్ళు చెప్పినవాళ్ళని పంపుతారట. ఈయన నావైపు చూశారు. లెటరెంత పని!

ఫిబ్రవరి 11

అన్నం వడ్డిస్తూ ఆవిడ అడిగింది. పాస్ నా పేరు మీదే కదక్కా, నేను వెళ్తాను, గ్లోరిని తోడు తీసుకెళ్తాను అంది. గ్లోరి ఆవిడతో డిగ్రీ చదివింది, ఇక్కడే స్కూల్లో టీచరు. ఈయన ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. మొగుడు పోయి పద్నాలుగు నెలలన్నా కాలేదు, అప్పుడే షికార్లా? మా మరిది విజయ్ కుమార్ వినగడప, పెనుగొలను అన్నీ బైకు మీద తిరిగి రైతుల్ని పట్టుకొచ్చేవాడు. అలా తిరుగుతూనే లారీ కింద పడ్డాడు. ఆ టార్గెట్‌లో సగం ఆయన తెచ్చిన రైతులే కదక్కా, ఆయనుంటే నన్ను తీసుకెళ్ళేవాడు అంది.

ఉంటే కదా, లేడుగా అన్నాను. పైకే అన్నాను. పప్పు గిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 12

మొహం మీద వద్దంటే ఊళ్ళో మాటపడతాం, తనంతట తనే వద్దనేలా చూడు అన్నారు ఈయన. నాకు అప్పజెప్పి హాయిగా పేపరు చదువుకుంటున్నారు.

ఫిబ్రవరి 14

హర్షవర్ధన్ ఇంగ్లీషులో నాలుగు పేజీల కాగితం ఇచ్చి వెళ్ళాడు. ఓడలోకి ఏం తేవచ్చు, ఏం తేకూడదు, లోపల ఏముంటాయి, అన్నీ అందులో ఉన్నాయి. ఆవిడది తెలుగు మీడియం. నేను బెజవాడ కాన్వెంటు. చదివి చెప్పక్కా అని ఎదురుగా చాప మీద కూర్చుంది.

చదివాను. ఇంట్లో వండినవి తేకూడదు. పచ్చళ్ళు, పొడులు తేకూడదు. రైస్ కుక్కరు, కెటిల్, ఇస్త్రీ పెట్టె తేకూడదు. అగరొత్తులు, కర్పూరం, దీపం వెలిగించకూడదు. చాకు, పెద్ద కత్తెర తేకూడదు. పెద్ద పెట్టెలు ముందే తీసుకుంటారు, అవి గదికి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది కాబట్టి మందులు చేతి సంచిలోనే ఉంచుకోవాలి. ఇవన్నీ నిజంగా ఉన్నవే. పచ్చడి లేకుండా మూడు రోజులు ఆవిడ ఉండలేదనుకున్నాను.

సరే అక్కా అంది.

నాలుగో పేజీ వదిలేశాను. ఏవో చెకిన్లు, ఓటీపీలు. నా బుర్ర వేరే పనిలో ఉంది.

ఫిబ్రవరి 16, ఆదివారం

నిజాలకి లొంగేలా లేదు. ఇవాళ్టి నుంచి నా సొంత రూల్స్.

ఒకే మూకుట్లో చేపలూ అప్పడాలూ వేయిస్తారని చదివాను. శాకాహారానికి వేరే వంటగది ఉందని మొదటి పేజీలోనే ఉంది, ఆ లైను మీద బొటనవేలు పెట్టుకుని మరీ చదివాను. మేము గుడ్డు కూడా ముట్టం. ఆవిడ పెరుగూ అరటిపళ్ళతో గడిపేస్తానక్కా అంది.

ఫిబ్రవరి 17

మగతోడు లేని ఆడవాళ్ళ గదికి రాత్రిళ్ళు బయట నుంచి గడియ పెడతారని చదివాను. గ్లోరి ఉంటుందిగా, భయం లేదు, సరే అక్కా అంది.

ఫిబ్రవరి 18

ఈత వచ్చినట్టు సర్టిఫికెట్ కావాలని చదివాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఎన్ని అడుగులు ఈదాలటక్కా అని అడిగింది. నేను తడుముకుని యాభై అన్నాను. గ్లోరి వాళ్ళ బావి ఉంది, నేర్చుకుంటాను అంది.

ఫిబ్రవరి 19

సరే అక్కా. సరే అక్కా. ఆ చెంప ఒకటి పగలగొడితే గానీ నా కసి తీరేలా లేదు.

ఫిబ్రవరి 21, ఉదయం 10

ఇవాళ దొరికింది.

ఆవిడ అప్పుడే సంచి సర్దుకుంటోంది. రెండు నూలు చీరలు, వాంతులు రాకుండా గ్లోరి కొనిచ్చిన మాత్రలు, ఒక మంకీ క్యాపు. అడుగున తువ్వాల్లో చుట్టి విజయ్ ఫోటో. పాపిడి పక్కకి తీసి, తోరణం ముందు నిలబడి నవ్వుతున్నది. ఆయనకి సముద్రం చూపిస్తానక్కా అంది.

నేను కాగితం తీశాను. మూడో పేజీ తిప్పాను. చనిపోయినవాళ్ళ ఫోటోలు తేకూడదట, సముద్రం మీద అపశకునమట, స్కానర్లో కనబడితే లాక్కుని నీళ్ళలో పారేస్తారట అని చదివాను. నమ్మకం కుదరాలని వేలు పెట్టి లైను కూడా చూపించాను. ఆ లైన్లో ఉన్నది ఇస్త్రీ పెట్టె సంగతి.

ఆవిడ ఆ లైను వంక చాలాసేపు చూసింది. ఫోటోని కొంగుతో తుడిచి బీరువాలో పెట్టేసింది. ఈసారి సరే అక్కా అనలేదు.

నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. జాలేసిందని రాసుకోవచ్చు. కానీ వెయ్యలేదు. నా డైరీలో నేనెందుకు అబద్ధం రాసుకోవాలి? ఏ షాపూ చూడకుండా, ఏ రైతుతోనూ మాటపడకుండా, గోడకి ఒక అద్దాల చట్రం తగిలించి ఓడెక్కుతుందా? ఆరేళ్ళు ఆ కుర్చీలో కూర్చుని నా నడుం పడిపోయింది.

ఫిబ్రవరి 24

అయినా వద్దు అనదు! సంచి విప్పలేదు. హర్షవర్ధన్ లెటరు కోసం రెండుసార్లు ఫోన్ చేశాడు.

ఇన్నాళ్ళూ పెట్టిన చెయ్యే కదా, పెట్టెయ్ అన్నారు ఈయన.

పెట్టాను. ఒంట్లో బాగాలేదు, నా బదులు మా బావగారు మురళీకృష్ణనీ అక్కయ్య బాలామణినీ పంపండి అని రాసి కింద సాయిప్రసన్న. మెలిక బాగా కుదిరింది. చుక్క కూడా.

మార్చి 2

నీ పేరు కంపెనీవాళ్ళే తీసేశారు, మేమేం చేస్తాం అని చెప్పాను. అలాగా అక్కా అంది. కంట తడి లేదు. రాయి.

మార్చి 9, ఆదివారం

బెజవాడ వెళ్ళి చక్రాల సూట్‌కేసు, ఓడలో రాత్రి భోజనానికి కట్టుకోవడానికి రెండు పట్టుచీరలు తెచ్చుకున్నాను. ఈయనకి లుంగీలు నాలుగు. ఆవకాయ హార్లిక్స్ సీసాలో, గోంగూర స్టీలు డబ్బాలో పెట్టి పట్టుచీరల మధ్య దోపాను. కందిపొడి పౌడరు డబ్బాలో. రూల్స్ ఊళ్ళోవాళ్ళకి గానీ మా పెట్టె ఎవడు విప్పుతాడు? కందిపొడి ఆవిడే వేయించి దంచి ఇచ్చింది. డబ్బాలో కూడా ఆవిడే నింపింది.

మీరు వచ్చేలోపు నేనూ నాలుగు రోజులు గ్లోరి దగ్గర ఉండొస్తానక్కా అని అడిగింది. వెళ్ళిరా పాపం అన్నాను. మహారాణిలా అన్నాను.

మార్చి 14, శుక్రవారం, మధ్యాహ్నం 2. చెన్నై పోర్టు బయట, సూట్‌కేసు మీద కూర్చుని

రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

స్కానర్ దగ్గర పెట్టె విప్పించారు. అందరి ముందూ. గోంగూర డబ్బా మూత ఊడి పట్టుచీర అంచు పాడైంది. సెక్యూరిటీ అమ్మాయి చేతి తొడుగులతో ఆవకాయ సీసా ఎత్తి పట్టుకుని, ఇదేంటని అరవంలో అడిగి డ్రమ్ములో పడేయమంది. నా చేత్తో నేనే పడేశాను. పౌడరు డబ్బా కూడా వాసన చూసింది. క్యూలో ఉన్నవాళ్ళు నవ్వారు. సర్లే, ఓడెక్కితే చాలనుకున్నాను.

కౌంటర్లో మా ఆధార్ కార్డులు చూసి, మీ పేర్లు లేవు అన్నారు. సరిగ్గా చూడమని ఈయన గొంతు పెంచారు. కంపెనీ పేరు చెప్పాం, తిరువూరు అని చెప్పాం. ఆ అబ్బాయి స్క్రీన్ మావైపు తిప్పాడు. సాయిప్రసన్న. గ్లోరి. ఇద్దరూ ఉదయమే ఎక్కేశారట.

నాకు తల కొట్టేసినట్టయింది.

హర్షవర్ధన్‌కి ఫోన్ చేస్తే, లెటరు అందాక కంపెనీ లైసెన్సు హోల్డర్ నంబరుకి ఫోన్ చేసి కనుక్కుంటుంది మేడం అన్నాడు. ఆ సంతకం నాది కాదని ఆవిడ చెప్పిందట. ఆవిడ ఫోనుకొచ్చిన ఓటీపీతో ఆవిడే చెకిన్ చేసుకుందట. నాలుగో పేజీలో ఉందిగా మేడం, మీరు చదవలేదా, ఆవిడ మీకు చెప్పే ఉంటారనుకున్నాను అన్నాడు. సంతకం మీద కంప్లయింట్ ఇస్తారా అని ఆవిడని అడిగారట. ప్రస్తుతానికి వద్దండి అందట.

ప్రస్తుతానికి.

కంచె సందుల్లోంచి ఓడ కనిపిస్తోంది. నిజంగానే పది అంతస్తులు.

మార్చి 15

ఈయన నాతో మాట్లాడటం లేదు. పెట్టెయ్ అన్నది ఈయనే.

మార్చి 18, సాయంత్రం 5

వచ్చింది. మొహం ఎండకి కమిలింది గానీ వెలిగిపోతోంది. నా చేతిలో ఓడ బొమ్మ కీచైన్ పెట్టింది. ఒక్క మాట నిష్ఠూరంగా అనలేదు. వంటింట్లో బియ్యం కడుగుతూ తీరిగ్గా చెప్పింది. మనలాంటివాళ్ళకి వంట వేరేనటక్కా, ఇడ్లీ బాగుంది. గదికి గడియ లోపలే ఉంది. ఈత సంగతి ఎవరూ అడగలేదు. ఆయన ఫోటో చేతిలో పట్టుకుని డెక్ మీద కూర్చుంటే, ఓడవాళ్ళే వచ్చి ఇద్దరికీ కలిపి ఫోటో తీసిచ్చారు.

ఇస్త్రీ పెట్టె మాత్రం నిజంగానే ఒప్పుకోరక్కా అంది.

మార్చి 19

పొద్దున్నే గంజిపెట్టిన చీర కట్టుకుని మెట్లు దిగింది. నా కుర్చీ తుడుచుకుని కూర్చుంది. సర్టిఫికెట్ లేనివాళ్ళు మందులు అమ్మితే కేసవుతుంది కదా బావగారూ, ఇక నుంచి నేనే కూర్చుంటాను అంది. రైతు తెచ్చిన ఆకు తిప్పి చూసి డబ్బా పేరు టక్కున చెప్పింది. బీఎస్సీ కదా.

అక్కా, నువ్వు పైకెళ్ళి వంట చూడు అంది.

మార్చి 21

మెట్ల తలుపు మీద కాగితం అంటించింది. ముత్యాల్లాంటి తెలుగు. షాపులోకి తేకూడనివట. టిఫిన్ గిన్నెలు తేకూడదు. కబుర్లు తేకూడదు. వేరేవాళ్ళ సంతకం పెట్టే పెన్ను తేకూడదు. ఈయన నిలబడి చివరిదాకా చదివి, సరేనమ్మా అన్నారు. సరేనమ్మా!

మార్చి 22, వంటింట్లో

డైరీ నా పేరు మీద వచ్చింది కదక్కా, రేపు పొద్దున ఇచ్చెయ్యి అంది. పేజీలు మాత్రం చింపకు, నువ్వు కునుకు తీసే వేళకి దిగి రోజూ చదివేదాన్ని, ఏ తేదీకి ఏముందో నాకు గుర్తే అంది.

సరే అన్నాను.