అరచేతి అంచున చెప్పిన మాట

బీరుట్, గేతావి
2024 జూన్ 9, ఆదివారం

ముద్దుల చెల్లెలు జుమానాకు అక్క నుహాద్ ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ కులాసా. జహ్లేలో నువ్వూ, నీ ద్రాక్షతోటా చల్లగా ఉండాలి.

చించెయ్యకు, పూర్తిగా చదువు. వేళ్లతో తట్టే వైద్యం నేర్చుకున్నానని విని నవ్వావట. నవ్వుకో! ఓడరేవు పేలుడు తర్వాత నిద్ర కరువైనవాళ్లు మన వీధిలో పదకొండుమంది నా దగ్గరికొచ్చారు. తొమ్మిదిమంది ఇప్పుడు గుర్రు పెడుతున్నారు. మాయేమీ లేదు. లోపలున్న భయాన్ని నోటితో ఒప్పుకుంటూ, అరచేతి అంచు, కనుబొమ, కంటి కింద, గడ్డం, మెడ కింది ఎముక వేళ్లతో తట్టుకోవాలి. మనసు సర్దుకున్నా ఒళ్లు ఊరుకోదు, రెండింటికీ ఒకేసారి నచ్చజెప్పాలి.

అమ్మతోనే చచ్చే చావయింది. నాలుగేళ్లుగా కిటికీ వైపు పోదు, కాఫీ కూడా నడవాలోనే. భయం పేరు చెప్పి చెయ్యి తట్టుకోమ్మా అంటే, పేరు చెప్పగానే దూరం, దూరం అంటూ చెడు తగలకుండా బల్లచెక్క కొడుతుంది. వైద్యం నీకా, బల్లకా అని అరిచాను. దానికీ వయసు మీద పడింది పాపం, అంది.

గాజు పెంకులంటే భయం అని రెండు నెలలు తట్టించాను. బాధ పదిలో ఎంతమ్మా అంటే తొమ్మిదే అనేది. నిన్న పొద్దున తనంతట తానే అరచెయ్యి తట్టుకుంటూ, నా కళ్లలోకే చూస్తూ అనేసింది. ఓడరేవులో లేచిన పొగ చూద్దువుగాని రమ్మని జుమానాను కిటికీ దగ్గరికి పిలిచింది నేనే, దాని కన్ను పోయింది నా వల్లే, అయినా నన్ను నేను క్షమించుకుంటున్నాను అని. నన్ను కిటికీ దగ్గరికి పిలిచిందెవరని ఆస్పత్రిలో నువ్వడిగితే అమ్మ చెప్పిన జవాబే అది. ఆ జవాబుతోనే కదా అమ్మతో మాట మానేశావు. నిన్న ఆ మాట అనేసి, అమ్మ లేచి వెళ్లి కిటికీ బార్లా తెరిచింది!

వచ్చే ఆదివారం రా. మాంసం ఉండలు, కిబ్బె చేస్తాను. అమ్మను క్షమించు.

నిన్ను చూడాలని ఉన్న
నుహాద్

తా.క. ఉత్తరం మడిచాను గానీ కవరులో పెట్టలేకపోయాను. కిటికీ తెరిచాక అమ్మ నా వైపు తిరిగి, ఇక నీ వంతు, చెయ్యి ఇటివ్వు అంది. నా అరచేతి అంచు తనే తట్టింది. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. అమ్మకు కిటికీ అంటే భయమెప్పుడూ లేదు. అటు పోలేనిది నేను. నాకు తోడుగా నడవాలో కూర్చుంది. పేలుడు జరిగిన సాయంత్రం అమ్మ స్నానాలగదిలో ఉంది. మా ఇద్దరిదీ ఒకే గొంతు, అందుకే నీకు తెలియలేదు. ఆస్పత్రిలో నేను బిక్కచచ్చి నిలబడితే, అమ్మ నింద తన మీద వేసుకుంది. జుమానా, నిన్ను పిలిచింది నేనే. నాతో మాట్లాడకపోయినా సరే, అమ్మకు మాత్రం ఇవాళే ఫోన్ చెయ్యి.