వెనక కారు డ్రైవర్‌ని నేనే

జూన్ 2, ఆదివారం
నిర్ణయం! నెలాఖరులోగా కారు నేర్చుకుని తీరాలి. బీటెక్‌లో ఫస్ట్, ఎంటెక్‌లో గోల్డ్ మెడల్, పీహెచ్‌డీలో ఐదో ఏడు. ముందు కారు బ్రేకు వేస్తే ఆ కబురు వెనక కారుకు రెప్పపాటులో అందించే పరికరం నా పరిశోధన. స్టీరింగ్ మాత్రం ఇంతవరకూ పట్టలేదు! ఇన్నాళ్లూ నా కార్లన్నీ కంప్యూటర్ తెర మీదే తిరిగాయి. ఇక నిజం కార్లతో పరీక్ష. ముందు కారు ల్యాబ్‌లో జూనియర్‌ది, వెనకది మా అక్కది. అది నేనే నడుపుతానని గైడ్‌గారికి మాటిచ్చేశాను. ఈ పరీక్ష జరగకపోతే థీసిస్‌కి ఆఖరి అధ్యాయం లేదు.

జూన్ 3, ఉదయం 6
అక్క పక్కన కూర్చుంది. వీధి చివరిదాకా వెళ్లాం. ఇంజిన్ నాలుగుసార్లే ఆగింది! సగం వచ్చేసినట్టే.

జూన్ 5
"మెల్లగా వదలవే! అది క్లచ్చు, చెయ్యి కాలే గిన్నె కాదు!" - అక్క.

జూన్ 8
వాన. తడి రోడ్డు కొత్తవాళ్లకు మంచిది కాదు.

జూన్ 9
తుంపర. అదీ వానే.

జూన్ 12
ఎండ. కళ్లలో పడుతోంది. ఇంట్లోనే కూర్చుని క్లచ్ గురించి ఒక పేపర్ చదివాను.
"పుస్తకం చదివితే ఈత వస్తుందా మరదలా?" అన్నాడు బావ. పరిశోధన విలువ ఆయనకేం తెలుసు!

జూన్ 17
రివర్స్ నేర్చుకున్నాను. వెనక చెత్తకుండీ ఉండేది. ఇప్పుడూ ఉంది, ఆకారమే మారింది. అక్క దిగి, బంపర్ చూసి, సొట్టని చున్నీతో తుడిచింది. తిట్టినా బాగుండేది.
"సారీ అక్కా."
"నీ పరికరమేదో ఆ కుండీకి తగిలించవే. నువ్వొస్తున్నావని దానికి ముందే తెలుస్తుంది."

జూన్ 20
కాలు బెణికింది. ఏ కాలని అక్క అడిగింది. ఎడమ అన్నాను. నిన్న కుడి అన్నానట!

జూన్ 28, పరీక్ష
అక్క తెచ్చిపెట్టిన కారు తాళాలు గైడ్‌గారి ముందు పెట్టాను. "సార్, నాకు కారు రాదు."
గైడ్‌గారు కళ్లజోడు తుడుచుకున్నారు. "ఐదేళ్లలో నువ్వు సూటిగా చెప్పిన మొదటి మాట ఇదేనమ్మా" అని తాళాలు తీసుకున్నారు. నేను ల్యాప్‌టాప్‌తో పక్కన కూర్చున్నాను. నెట్‌వర్క్ గురించి ఆయన పాఠం మొదలుపెట్టారు, రోడ్డు వదిలి నా వైపు చూస్తూ! ముందు కారు ఠక్కున ఆగింది. నేను అరిచేలోపే నా పరికరం అరిచింది. ఆయన కాలు బ్రేకు మీద పడింది. రెండు కార్ల మధ్య జానెడు ఖాళీ.
"నేను చూడలేదమ్మా" అన్నారు మెల్లగా. "పనిచేసింది! వెళ్లి ఆఖరి అధ్యాయం రాసుకో."
కళ్లనీళ్లు ఆగలేదు. అధ్యాయం కోసమో, బతికినందుకో!

జూన్ 30
ఇంకో పరీక్ష కావాలట, పెద్ద రోడ్డు మీద. "ఈసారి ల్యాప్‌టాప్ నేను పట్టుకుంటా. నడిపేది నువ్వే" అన్నారు గైడ్‌గారు. ఆయన నడిపే కారెక్కడం కంటే అదే మేలు.
నిర్ణయం! రేపు ఉదయం ఆరింటికి మళ్లీ మొదలు. సరే, ఏడింటికి. అక్క తాళాలు దాచేసింది. బావని కాకాపట్టాలి.