సుందరి సూది వేయించుకుంది

క్రీస్తుదాసు అన్నకు వందనాలు.

మీరు రిటైరయ్యేదాకా సాకిన మన పార్కు మొసలి సుందరి, కాలి పుండుకు నిన్న సూది వేయించుకుంది. తాళ్లు కట్టలేదు, ఎవరూ మీద పడలేదు. అది ఎర్ర పళ్లేన్ని ముక్కుతో తాకినప్పుడల్లా ఈల ఊది చేప ముక్క పెడుతూ మూడు నెలలు అలవాటు చేశాను. "మొసలికి అక్షరాలు దిద్దిస్తావా చెల్లెమ్మా?" అని నవ్వారు మీరు. నిన్న పళ్లెం చూపగానే తనే వచ్చి కంచెకు ఆనుకుని కదలకుండా ఉంది. సూది తియ్యగానే వెనక్కి గెంతింది డాక్టరుగారే.

ప్రేమలీల వదిన ఫోన్ చేసింది. షుగర్ సూది అనగానే మీరు తప్పించుకుని గూడూరు బస్సెక్కేస్తున్నారట. "మొసలికుండే ధైర్యం మీ అన్నకు లేకపోయె" అని నవ్వబోయి ఏడ్చేసింది.

ఆదివారం ఆరాధన కాగానే వస్తాను. సూది వేసేంతసేపు మీ చెయ్యి పట్టుకుంటాను. కళ్లు మూసుకోండి, ఎవరికీ చెప్పనులే.

మీ చెల్లెలు