గోడ దాటని బంతి

తొర్రెయోన్, మెక్సికో
జూలై, 1994

అమ్మా,

ముందు నీ ఆశీర్వాదం కావాలి. నేనిక్కడ క్షేమంగానే ఉన్నాను. నువ్వూ, తమ్ముడు విల్కినూ, మన వీధిలో వాళ్ళూ బాగున్నారనే తలుస్తున్నాను. వంటింటి రేకు మళ్ళీ కారుతోందని రాశావు. విల్కిన్‌ను మాత్రం పైకి ఎక్కనివ్వకు. వాడి భుజం బంతులు విసరడానికి, సుత్తి పట్టడానికి కాదు.

సరిగ్గా తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. ఇక్కడివాళ్ళు మామిడిపండు మీద కూడా కారం చల్లుతారు. వెనిజులాలో మనలాగే పచ్చి అరటికాయ ఉడకబెట్టి మెదిపి పెట్టేవాళ్ళు. తైవాన్‌లో అన్నమైనా దొరికేది. ఎన్ని దేశాలు తిరిగానో, ఎన్ని బేస్‌బాల్ జట్ల చొక్కాలు తొడిగానో నాకే గుర్తులేదు. అందరూ నన్ను పిలిపించుకున్నది ఒక్క పనికే, బంతిని మైదానం గోడ అవతల పడేయడానికి.

నా పేరు పేపర్లో కనబడటం లేదనీ, "మీవాడు ముసలాడైపోయాడా ఏంటి?" అని దుకాణం బసీలియో అడిగాడనీ రాశావు. భుజం నొప్పని చెప్పు. నీకు మాత్రం నిజం చెబుతాను. ఫోనులో చెప్పలేకపోయాను. ఆ ఫోను ఉన్నది బసీలియో దుకాణంలోనే, అతని చెవులు ఉండేదీ దాని పక్కనే.

పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం ఆట. అవతలి జట్టు తరఫున బంతులు విసురుతున్నది ఎరిబెర్తో అనే కుర్రాడు, మన విల్కిన్ వయసువాడు. ఆట మొదలుకాక ముందు నవ్వుతూ నా దగ్గరికి వచ్చాడు.

"పెద్దాయనా, మా నాన్న చూడ్డానికొచ్చాడు. మరీ పరువు తీసెయ్యకు."

"మీ నాన్నని గోడ బయట కూర్చోమను. బంతులు ఏరుకుంటాడు" అన్నాను.

వాడు పగలబడి నవ్వాడు.

వాడు విసిరిన బంతి నా బ్యాటుకు నడిమధ్యలో తగిలింది. బాగా తగిలినప్పుడు చేతులకు ఏమీ తెలియదు. అయితే అది గోడ వైపు పోలేదమ్మా. నేరుగా వెళ్ళి వాడి చెవి పైన తగిలింది. అలవాటు కొద్దీ నేను పరుగెత్తాను కూడా. జనం నోరు మూతపడేసరికి ఆగి చూశాను. వాడు మట్టిలో బోర్లా పడి ఉన్నాడు. వాళ్ళ నాన్న కంచె ఎక్కి లోపలికి దూకుతున్నాడు.

ఆసుపత్రికి వెళ్ళాను. ఆ తండ్రి నన్ను వరండాలోకి తీసుకెళ్ళి, "నీ తప్పేం లేదు నాయనా. బంతి అటొచ్చింది, అంతే" అన్నాడు. ఆ వెంటనే, "ఇంక రావద్దు. నిన్ను చూస్తే వాళ్ళమ్మ వణికిపోతోంది" అన్నాడు.

ఎరిబెర్తో బతికాడు. ఒక చెవి వినబడదట. నడిస్తే పక్కకు ఒరిగిపోతున్నాడట. ఇక బంతి పట్టడు.

అప్పటినుంచి నేను ఆడటం లేదు, ఆడుతున్నట్టు నటిస్తున్నాను. బంతి నాకు నచ్చిన చోటికే వస్తుంది. కావాలనే బ్యాటు ఆలస్యంగా తిప్పుతాను. మా కోచ్ రొసాలియో మొన్న నన్ను పక్కకు లాగి, "నీకు పోయింది చూపా, గుండెకాయా?" అని అడిగాడు. భుజం అన్నాను. బొటనవేలితో నా భుజాన్ని గట్టిగా నొక్కాడు. నొప్పి నటించి అరవాలని కూడా నాకు తోచలేదు. ఆయన చెయ్యి తీసేసి వెళ్ళిపోయాడు. రేపో మాపో ఈ జట్టు కూడా నన్ను వదిలించుకుంటుంది. దానికి నేను భయపడను. పెట్టె సర్దుకోవడం నాకు అలవాటే.

నా భయం వేరే. విల్కిన్‌ను రాజధాని జట్టు తీసుకుందని ఎంతో సంతోషంగా రాశావు. ఈ చలికాలం మన దేశపు పోటీల్లో అన్నదమ్ములిద్దరూ ఎదురుపడితే నువ్వెటు కూర్చోవాలని అడిగావు. ఆ మాట చదివి ఉత్తరం మడిచేశాను. బంతి వదిలాక వాడు తల దించేస్తాడు, నువ్వు కూడా చూసే ఉంటావు. ఇప్పుడు ఎవరు నాకు బంతి విసరబోయినా ఆ టోపీ కింద నాకు విల్కిన్ మొహమే కనబడుతోంది.

తమ్ముడే కదా, మెల్లగా కొట్టలేవా అంటావేమో. మెల్లగా కొట్టడం నాకు రాదమ్మా. వచ్చి ఉంటే ఇన్ని దేశాలవాళ్ళు నన్నెందుకు పిలుస్తారు?

అందుకే ఈ చలికాలం ఆడనని మన ఊరి జట్టుకు నిన్ననే ఫోను చేసి చెప్పేశాను. నాలుగేళ్ళుగా నాకోసం చోటు ఉంచిన వాళ్ళు. మాట్లాడింది జట్టు నడిపే పెద్దాయనే. "తమ్ముడంటే భయపడ్డావని జనం అంటార్రా" అన్నాడు. అవునండీ, భయమే అన్నాను. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

బంతి విసిరాక తల ఎత్తి చూడమని విల్కిన్‌కు చెప్పు. నా మాటగా చెప్పకు, వినడు. అన్న పారిపోయాడని వాడు జట్టు అందరి ముందూ అంటాడు. అననివ్వమ్మా. అనడానికి వాడుండాలి.

ఇట్లు,
నీ పెద్దకొడుకు
అన్సెల్మో