పాలకేంద్రం మీద సోలారు పలక

కొత్తిండ్లపల్లె, 4-10-1999

సోలారు ఆఫీసరు గారికి, పాలకేంద్రంలో పాలు కొలిచే కుప్పయ్య దండం పెట్టి రాసేదేమంటే,

మా పల్లెకు కరెంటు తీగ రాలేదని మీరు పాలకేంద్రం మిద్దె మీద సోలారు పలక పెట్టి, లోపల లైటు బిగించి పోయినారు. వారం బాగా వెలిగింది. ఆనక మసకబారింది. ఆడోళ్ళు పాలు తెచ్చేది పొద్దు గూకినాక. చీకట్లో కొలిచి అందరిచేతా తిట్లు తింటా ఉండాను. వ్యాను తెచ్చే ధనంజయ, "కుప్పన్నా, దోమ పడిందో ఈగ పడిందో తెలీని పాలు నేనెట్ల ఎత్తుకుపోయేదప్పా? రెండు నెలలు సూస్తా. లైటు రాకపోతే వ్యాను మీ పల్లెకు రాదు" అన్నాడు. ముప్పై ఇండ్ల పాలు సామీ.

ఇట్లు, కుప్పయ్య

తా.క. పలకను మేం నిర్లక్ష్యం చేసినామనుకోవద్దు. నా భార్య సుబ్బులమ్మ ప్రతి శుక్రవారం మిద్దెక్కి, పలక నిండా పసుపు పూసి, కుంకుమ పెట్టి, కర్పూరం ఎలిగిస్తా ఉండాది.

చిత్తూరు, 29-10-1999

శ్రీ కుప్పయ్య గారికి,

మీ లేఖ అందినది. పరికరాల సంరక్షణ సూచనలు జతపరచడమైనది. పరికరాన్ని ఎండ, వాన, పశువుల బారి నుండి కాపాడవలెను.

ఇట్లు, గిరిప్రసాద్, పథకం సహాయాధికారి

తా.క. మీ శ్రద్ధకు అభినందనలు. ఇలాగే కొనసాగించండి.

కొత్తిండ్లపల్లె, 12-11-1999

అయ్యా, గిరిప్రసాద్ సారుకు నమస్కారాలు.

మీరు చెప్పినట్టే పలక మీద కొబ్బరాకులతో పందిరి వేసినాము. చుక్క ఎండ తగలకుండా కాపాడతా ఉండాము. అంతకుముందు మినుకుమినుకుమని అన్నా ఉండేది, ఇప్పుడు అదీ లేదు. ధనంజయ పెట్టిన గడువు ఇంక ఇరవై రెండు దినాలే ఉండాది.

మీ విధేయుడు, కుప్పయ్య

తా.క. పలక మీకంటే సల్లగా ఉండాది సామీ.

చిత్తూరు, 30-11-1999

కుప్పయ్య గారూ,

ప్రభుత్వ పరికరంపై అనుమతి లేకుండా పందిరి వేయుట నేరము. వెంటనే తొలగించవలెను. ఎండకు దూరంగా ఉంచవలసినది బ్యాటరీని. సూచనలలో ఆ మాట లేకపోవుట మా లోపము కాదు, ముద్రించినవారిది.

ఇట్లు, గిరిప్రసాద్

తా.క. ఫ్యాను లేని గదిలో కూర్చుని ఇది రాస్తున్నాను. మీ పలక అదృష్టం నాకు లేదు.

కొత్తిండ్లపల్లె, 14-12-1999

దయగల గిరిప్రసాద్ సారుకు,

పందిరి తీసేసినాము. మూడు దినాలు వాన కొట్టింది, పలక కడిగినట్టు అయింది. సుబ్బులమ్మ మోకాళ్ళ నొప్పితో మూడు శుక్రవారాలుగా మిద్దె ఎక్కలా. నాలుగో దినం ఎండ కాసింది, సాయంత్రానికి లైటు భగ్గున వెలిగింది సామీ! గడువు దాటిపోయినా ధనంజయ వచ్చి సూసి, "సరేలేప్పా, వస్తాలే" అన్నాడు. మీరు సల్లగా ఉండాల.

ఇట్లు, కుప్పయ్య

తా.క. తాను మొక్కుకున్నందుకే వెలిగిందని సుబ్బులమ్మ అంటాది. నేను ఎదురు సెప్పలా. అన్నం పెట్టేది ఆమే కదా.

చిత్తూరు, 10-1-2000

కుప్పయ్య గారికి,

సంతోషము. సౌరశక్తి పనిచేయునని ప్రజలకు నిరూపించుట ఈ పథకం ఉద్దేశము. మీ లేఖతో నిరూపణ పూర్తయినది. కనుక నమూనా పరికరాన్ని నిరూపణ జరగవలసిన వేరొక గ్రామానికి తరలించుచున్నాము.

ఇట్లు, గిరిప్రసాద్

తా.క. పనిచేయని లైటును తరలించే నిబంధన లేదు. వెలిగిందని మీరు రాయకుండా ఉండాల్సింది. ఈ మాట నేను చెప్పినట్టు ఎవరికీ చెప్పకండి.

కొత్తిండ్లపల్లె, 9-2-2000

గిరిప్రసాద్ సారుకు కుప్పయ్య నమస్కారం.

మీ వాళ్ళు వచ్చి పలక పెరుక్కొని పోయినారు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు సామీ. ధనంజయ కాళ్ళా వేళ్ళా పడి వ్యాను నాలుగున్నరకే రప్పించుకున్నాము. పాలు పిండే వేళ మార్చినాము. ఎనుములు మొదట తన్నినాయి, సుబ్బులమ్మ పక్కన కూసోని, "ఏం చేసేది తల్లీ, గవర్నమెంటు ఆర్డరు" అని బుజ్జగించినాది. ఇప్పుడు కేంద్రం ముందర ఎండలోనే పాలు కొలుస్తా ఉండాను. నేరుగా సూర్యుడే. మధ్యలో పలక లేదు, బ్యాటరీ లేదు, ఆఫీసు లేదు.

ఇట్లు, కుప్పయ్య

తా.క. కొత్త పద్ధతికి మారేదానికి ఎనుములకు ఎనిమిది దినాలు పట్టింది. మీ పథకంలో అంత బిరీన మారిన వాళ్ళు ఇంకెవురన్నా ఉంటే రాయండి.

చిత్తూరు, 28-2-2000

శ్రీ కుప్పయ్య గారికి,

పరికరమే అవసరం లేకుండా సౌరశక్తితో పాలకేంద్రం నడుపుచున్న మీ పద్ధతి పైఅధికారులకు మిక్కిలి నచ్చినది. జిల్లా అంతటా ఇదే విధానము అమలు చేయు ఆలోచన ఉన్నది. పరిశీలన బృందము వచ్చే శుక్రవారం బయలుదేరి సాయంత్రం ఏడు గంటలకు మీ పల్లె చేరును. ఆ ఒక్కపూట ఎనుములను, వ్యానును ఆపి, వారి ఎదుట పాలు కొలిచి చూపవలెను.

ఇట్లు, గిరిప్రసాద్

తా.క. కుప్పయ్య గారూ, ఏడింటికి సూర్యుడు ఉండడని నేను ఫైల్లో రాసి పైకి పంపాను. "ప్రత్యామ్నాయ ఏర్పాటు చేసుకోమని లబ్ధిదారుకు తెలపండి" అని తిరిగొచ్చింది. తెలిపాను.