అవతలి ఒడ్డున కోట

అక్కా,

కోపంతోనే రాస్తున్నాను, ముందే చెప్తున్నా. ఫోన్‌లో అయితే నువ్వు నవ్వేస్తావు, నేనూ నవ్వేస్తాను, విషయం అక్కడే చల్లారిపోతుంది.

ఆదివారం ఆట ఇక నేను నడపను. పగలంతా కుట్టుమిషన్ ముందు నడుం పడిపోయేలా కూర్చుని, మిగిలిన కాస్త తీరికలో ఆ కథ అల్లాను. నది అవతల కోట, అందులో బందీగా రాణి, ఆమెను పట్టిచ్చిన సొంత మంత్రి. అట్టముక్కలతో కోట కూడా కట్టాను. నేను కథ చెప్తుంటే మీరు ముగ్గురూ అందులో వీరులై, పాచికలు వేసుకుంటూ నది దాటాలి, అంతే. రేవులో చిల్లుపడ్డ పడవ ఒకటుందని మాటవరసకి అన్నాను. నువ్వు దాన్నే పట్టుకుని కూర్చున్నావు. బావ చిల్లుకి పూయడానికి తారు కొనుక్కొస్తానన్నాడు. తమ్ముడు రేవులో వలలు అల్లే ముసలామెతో చుట్టరికం కలిపాడు. వారం వారం ఇదే తంతు. రాణి గుర్రుపెట్టి నిద్రపోతోంది కాబోలు.

గట్టిగా అడిగితే, "ముక్కుతాడేసి లాక్కెళ్ళకే, మమ్మల్ని కాసేపు తిరగనీ" అంటావు. కడుపు మండింది అక్కా. నా కథ బాగాలేదని మొహం మీదే చెప్పొచ్చుగా. కోటని అటకెక్కించేశాను. ఈ వారం రాను.

నీ చెల్లి

మూతి ముడుచుకున్న నా చెల్లికి,

నీ కథ బాగుంది. నీ రాణిని చూడాలని నాకూ ఉంది. కానీ మీ బావ గ్యారేజీలో తమ్ముడు పని మానేసిన దగ్గర్నుంచీ వాళ్ళిద్దరికీ మాటల్లేవని నీకు తెలుసుగా. నీ బల్ల దగ్గర కూడా ఎవరి పాచికలు వాళ్ళవే. పడవ దొరికిన రోజు మీ బావ పాచిక తప్పి, చెక్క విరగ్గొట్టుకుని మొహం వేలాడేశాడు. అప్పుడు తమ్ముడు తలెత్తకుండానే, "తారు ఇటివ్వు బావా, నేను పూస్తాలే" అన్నాడు. ఆటలోనే అన్నాడు, నిజమే. అయినా బావా అని పిలిచాడు కదే. నువ్వు కోట పటం వెతుక్కుంటున్నావు, వినలేదు. ఇక ఆ నది ఎలా దాటనిస్తాను? అవతల అన్నీ కత్తియుద్ధాలేనాయె.

నీకు చెప్తే నువ్వు వాళ్ళ మొహాలే చూస్తూ కూర్చుంటావు, ఇద్దరూ బిగుసుకుపోతారు. అందుకే నోరు మెదపలేదు. ఆదివారం రావే. నువ్వు లేకపోతే పడవా లేదు, రేవూ లేదు.

నీ మొండి అక్క

అక్కా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను, తర్వాత నిన్ను తిట్టుకున్నాను. వస్తున్నాను. కోటని మాత్రం అటక మీంచి దించలేదు, దాంతో పనిలేదు. ఆదివారం మీరు పడవ దగ్గర చేరగానే, తడిసి ముద్దయిన ఒకామె అవతలి ఒడ్డు నుంచి ఈదుకుంటూ వస్తుంది. మీరెంతకీ రాకపోయేసరికి రాణిగారే గోడ దూకి వచ్చేసింది. మంత్రి సంగతి నిదానంగా చెప్తుందిలే. ముందు పడవ చుట్టూ ఓసారి తిరిగి చూసి, "నేనూ ఓ చెయ్యి వేస్తాను, తారు ఇంకా మిగిలిందా?" అని అడుగుతుంది.

జవాబు బావ చెప్తాడో, తమ్ముడు చెప్తాడో నేను రాసుకోలేదు.

నీ చెల్లి