వాన లేదు కనుక జ్వరమూ లేదట

పురపాలక కమిషనర్ గారి సముఖమునకు,
రాళ్లగడ్డ వీధిలో దర్జీ పని చేసుకొను జమాల్ సాబ్ సమర్పించుకొను అర్జీ.

విషయం: మా వీధిలో డెంగీ ఉన్నదని ఒప్పుకొని, కుళాయికి నీళ్లు వదలమని కోరుట గురించి.

అయ్యా,

1. మా కుళాయికి వారానికొకసారి నీళ్లు వచ్చుననునది తమ కార్యాలయపు మాట. వచ్చిన వారం మాకు పండగ. కావున ఇంటింటా డ్రమ్ములు నింపుకొని, అడుగు నీళ్లు సైతం పారబోయక, వాటి మీదనే కొత్త నీళ్లు పట్టుచున్నాము. ఈ కరువులో నీళ్లు పారబోయుటకు ఎవరికి మనసొప్పును? దోమలు ఆ అడుగు నీళ్లలోనే పెరుగుననియు, ఎండ ముదిరితే ఇంకా తొందరగా పెరుగుననియు తమ సిబ్బందే మైకులో చెప్పిరి.

2. శుక్రవారం వారే వచ్చి డ్రమ్ములు బోర్లించి పోవుదురు. ఆ వెనుక కుళాయి రాదు. దాహంతో చావవలెనా, దోమకాటుతో చావవలెనా, ఏదో ఒకటి తేల్చి సెలవీయగలరు.

3. అందుచేత నా భార్య హబీబా ఒక డ్రమ్మును మంచం పక్క మూలకు నెట్టి, బొంతలు కప్పి దాచినది. వీధిలో సగం ఇండ్లలో ఇదే ఏర్పాటు. ఆ మంచం మీద పడుకొను మా కూతురు ఫరీన్ ఇప్పుడు అనంతపురంలో ఆసుపత్రి పాలైనది. ప్లేట్‌లెట్లు పడిపోయినవి. పిల్ల నన్ను గుర్తుపట్టుట లేదు. ఈ మాట అర్జీలో ఎట్లు రాయవలెనో నాకు తెలియలేదు.

4. ఈ సంగతి విన్నవించగా తమ శానిటరీ ఇన్‌స్పెక్టర్ గారు కుర్చీలో కదలక, "ఏమప్పా, ఈ ఏడు వానే పడల్యా. వాన లేకుండా డెంగీ యాడ నుంచి వస్తాది? ఉత్త వైరల్ జొరం" అన్నారు.

"డాక్టరే చెప్పినాడు సార్."

"డాక్టరుకు వానల సంగతి ఏం తెలుసు?"

ఆ మాట వినియే ఈ అర్జీ రాయుటకు కూర్చుంటిని.

కావున కుళాయి వదిలించి, దోమల మందు కొట్టించి, మా వీధికి వచ్చినది డెంగీయేనని రాయించగలరు. విసుగు పుట్టినను ఈ అర్జీ చిత్తగించవలెను.

వేరే దారి లేక, తమ విధేయుడు,
జమాల్ సాబ్

తా.క.: బొంతల కింద డ్రమ్ము ఇంకా అట్లే ఉండాది సార్. పారబోస్తానంటే హబీబా అడ్డం పడింది. "జొరం తగ్గి బిడ్డ ఇంటికొస్తే తలకు పోయాల గదా, నీళ్లు యాడ తెస్తావు? పురుగుల్ని నేను బట్టేసి వడగడతా" అంటాంది. నాకు చేతులు రాలేదు. పారబోసేదానికి మీ మనిషినే పంపండి. వచ్చేటప్పుడు ఒక బిందె నీళ్లు తెమ్మని చెప్పండి.